మాటగా మారిన పేరు: శ్రీమతి సూర్యకాంతము గారి జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధుల జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు నాకు మొదట తోచినవి పెద్ద పేర్లే. కొమురం భీము చరిత్రను వ్రాయుటకు నాకన్న అర్హులు మన ప్రాంతముననే కలరు. సురవరము ప్రతాపరెడ్డి గారిని గూర్చియు, గురజాడవారిని గూర్చియు మంచి పుస్తకములు మన బీరువాలోనే యున్నవి. ఎల్లవారును ఎరిగినదై, ఎవరును వ్రాయక విడిచినదైన విషయము దొరకునాయని వెదకుచుండగా, ఒకనాటి సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీదనే అది నా చెవిని బడినది. ఇరువురు యువకులు పత్రిక చదువుచు, నడుమ నడుమ తమ వాడలోని ఒక ఇల్లాలిని గూర్చి మాటలాడుకొనుచుండిరి. ఆమె పేరు వారు చెప్పలేదు. ఆమె సూర్యకాంతమని మాత్రమనిరి. ఆమె నోరెట్టిదో, కోడలిని ఎట్లు చూచునో, నీళ్ళ పంపుకడ బిందెతో ఎట్లు నిలుచునో, సర్వమును ఆ యొక్క మాటతో నాకు తెలిసిపోయినది. ఆ యువకులు పుట్టకమునుపే సూర్యకాంతము గారు కాలధర్మము నొందిరి. అది ఒక మనుష్యురాలి పేరని, ఆమె కొక ఊరును, ఒక తల్లియు, ఒక జీవితమును ఉండెనని వారెన్నడైన తలచిరో లేదో నేనడుగలేదు.

చలనచిత్ర నటీమణి చరిత్ర గ్రంథాలయ సంచికకు తగునాయని సంశయించు పెద్దలుందురు. నేనును సంశయించితిని. కాని దినదినము మన నాలుకపై నాడు మాట యొకటి యెట్లు పుట్టినదో విచారించుట గ్రంథాలయమునకు పరాయిపని కాదు గదా యని ధైర్యము చెప్పుకొంటిని.

మనుష్యుల పేర్లు గుణములకు పేర్లగుట మన భాషకు క్రొత్త గాదు. భారత రామాయణములు చదివినవారికిని, అక్షరము రానివారికిని ఇవి సమానముగనే తెలియును. పాచిక పట్టి యెరుగని వాడైనను కుట్ర పన్నెనా శకుని యగును. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసి తగవు పెట్టువాడు నారదుడు. కుదిరిన పెండ్లికి అడ్డువచ్చినవాడు సైంధవుడు. ప్రొద్దెక్కువరకు నిద్రించువాడు కుంభకర్ణుడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పండుకొన్న మన గని కార్మికుని సైతము ఇంటివారు అట్లే అందురు, అది న్యాయము కాదు.

లెక్కలు వ్రాసికొని ముప్పది యేండ్లు గడపినవాడను గనుక ఈ పేర్లను నేను నా కంటితోనే చూతును. ఒక ఆసామి ఖాతాలో నూరు పద్దులుండును. లోకము వానిలో ఒక్క పద్దు నుంచుకొని తక్కిన ఆవర్జానంతయు చింపివేయును. కుంభకర్ణుడు అన్నకు హితము చెప్పినవాడు. సీత నపహరించి తెచ్చుట తప్పని నిండుసభలో పలికినవాడు. పలికియు అన్నను విడువక, పోరి మడిసినవాడు. అదియంతయు పోయి నిద్రయొక్కటే నిలిచినది. సైంధవుడు పాండవుల నడ్డగించినది ఒక్క దినము, అదియు శివుని వరబలమున. నారదుని పేరిట భక్తిసూత్రములున్నవి. అవి మనకు జ్ఞప్తికి రావు, తగవులే వచ్చును.

పురాణముల తరువాత నాటకములును ఈ పని చేసినవి. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము 1892 లో మొదట ప్రదర్శింపబడి, 1897 లో అచ్చుపడి, 1909 లో ఎంతయో పెరిగి మరల వెలువడినది. అందలి గిరీశము నేడు నాటకము చదువనివారి నోటను ఉన్నాడు. పనిపాట లేక, తెచ్చిపెట్టుకొన్న చదువుతో, తియ్యని మాటతో ఎదుటివానిని బోల్తాకొట్టించువాని కంతకన్న మంచి పేరు మనకు లేదు. విదేశములందును ఇట్టివి కలవు. సమ్మెల కాలమున మన కార్మిక సోదరులు వాడు బాయికాట్ అను మాట ఐర్లండు దేశమున ఒక భూస్వామి తరపున కౌళ్ళు వసూలు చేసిన ఏజెంటు పేరు. 1880 లో ఊరివారు వానికి పని చేయుట, సరకు లమ్ముట మానివేయగా వాని యింటిపేరే ఆ పనికి పేరైనది. గయ్యాళి భార్యకు ఐరోపా భాషలలో సోక్రటీసు ఇల్లాలు జాంథిప్పి పేరు వాడుకలో నున్నది. భర్త విషము త్రాగవలసిన దినమున ఆమె బిడ్డ నెత్తుకొని చెరసాలలో ఏడ్చుచుండెనని ప్లేటో వ్రాసినాడు. ఆ యేడుపు మాటలోనికి రాలేదు.

అయినను శకునికి గాని, గిరీశమునకు గాని మన మాటలవలన కలుగు బాధ లేదు. ఒకడు పురాణపురుషుడు, ఒకడు కవి కల్పించినవాడు. బ్రతికియుండి, నలువది యేండ్లకు పైగా తన పేరు తన కళ్ళయెదుటనే తిట్టుగా మారుటను చూచిన మనుష్యురాలు నాకు తెలిసినంతలో సూర్యకాంతము గారొక్కరే.

ఆమె 1924 అక్టోబరు 28 వ తేదీన తూర్పుగోదావరి జిల్లాలో కాకినాడకు దగ్గరనున్న వెంకటకృష్ణరాయపురమున జన్మించిరి. పుట్టినింటివారు పొన్నాడవారు. తల్లిదండ్రులకు ఆమె 14 వ సంతానము. వారిలో బ్రతికి బట్టగట్టినవారు కొలదిమంది మాత్రమే. ఆ కాలమున పురిటిలోను, పసితనమునను ఎందరు బిడ్డలు రాలిపోయెడివారో మన యిండ్లలోని ముసలివారి నడిగిన చెప్పుదురు. అంతమందిని పోగొట్టుకొన్న తల్లి కడపట పుట్టి దక్కినబిడ్డకు వెదకి వెదకి పెట్టుకొన్న పేరని అనుకొందును.

ఆ పేరు సామాన్యమైనది కాదు. సూర్యకాంతమనగా ఒక మణి. వెన్నెల సోకి కరగు చంద్రకాంతమునకు ఇది జత. సూర్యకాంతము తనంతట చల్లగా, ముట్టుకొన హాయిగా ఉండును. సూర్యకిరణము సోకినప్పుడు మాత్రము నిప్పు గ్రక్కును. ఇది మన కవులందరును ఎరిగిన సంగతి. కాళిదాసు శాకుంతలమున మునుల స్వభావమును ఈ మణితో పోల్చినాడు. శాంతులై కనబడు తపోధనులలో దాగిన తేజము, పరతేజము తాకినప్పుడే వెలికి వచ్చునని అతని భావము. నాకు సంస్కృతము గురుముఖమున వచ్చినది కాదు; తాత్పర్యములు పట్టుకొని ప్రాకినవాడను. అయినను ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు మునులు కాక ఈమెయే జ్ఞప్తికి వచ్చును. స్టూడియోలో వేయి దీపములు వెలిగి కెమెరా తిరిగినంతసేపు నిప్పులు గ్రక్కి, దీపములారిన వెంటనే చల్లబడి అందరికిని అన్నము పెట్టిన మనిషికి ఆ పేరు పెట్టినవారు ఏమి తెలిసి పెట్టిరో!

ఆరేండ్ల ప్రాయముననే ఆమె ఆటపాటలు నేర్చెను. పెరుగుచున్నకొలది హిందీ చిత్రముల గోడపత్రికలు ఆమె మనస్సును లాగినవి. కులస్త్రీలు నటించుటయే వింతగా చూడబడు దినములవి. ఆమె మద్రాసు చేరి జెమినీ స్టూడియోలో నాట్యకత్తెగా కుదిరెను. వాసన్ గారు తీసిన చంద్రలేఖ చిత్రమున ఆమె నర్తకీబృందములో నొకతె. నెలకు 65 రూపాయల జీతమిచ్చెడివారనియు, అది చాలదని ఆమె యజమానితోనే నేరుగా చెప్పగా 75 రూపాయలు చేసిరనియు చెప్పుదురు. పది రూపాయల కొరకు అంత పెద్ద యజమాని యెదుట నోరు విప్పిన ఆ పడుచు ధైర్యమును నేను మెచ్చుకొందును. ఆ పది రూపాయల విలువ నేటి లెక్కతో చూడరాదు.

1946 లో నారద నారది యను చిత్రమున చిన్నవేషము, అదే యేట గృహప్రవేశమున కొంత గుర్తింపుగల వేషము దొరకినవి. 1949 లో వచ్చిన ధర్మాంగదలో ఆమెది మూగవేషము. తరువాత తెలుగుదేశమంతయు ఏ నోటికి జడిసెనో ఆ నోటికి తొలిదినములలో ఒక్క మాటయు లేని పాత్ర నిచ్చిరన్నమాట. ఆమె కోరిక వేరు. ఆమె నాయిక కావలెననుకొనెను, హిందీ చిత్రములలో నటింపవలెననుకొనెను. బొంబాయికి పోవుటకు చేత డబ్బు లేకపోయెను. సౌదామిని చిత్రమున నాయికపాత్ర చేతికంది వచ్చినంతలో కారు ప్రమాదము జరిగి ముఖమునకు గాయము తగిలెను. ఆ వేషము తప్పిపోయెను. ఇంకొకమారు బొంబాయి నిర్మాత యొకరు ఆమెకు నాయికపాత్ర నిచ్చుటకు సిద్ధపడగా, అంతకుముందే కుదుర్చుకొన్న మరియొక నటిని తొలగించి తన కది యిచ్చుచున్నారని తెలిసికొని, ఇంకొకతె కన్నీటిపై తాను నిలువజాలనని ఆ వేషమును వదలుకొనెనట. ఆమె జీవితమును తెలిసినవారందరును ఈ సంగతిని చెప్పుదురు. గయ్యాళి అని మనము చెప్పుకొను మనిషి చేసిన పని యిది.

1950 వ సంవత్సరము ఆమె జీవితమునకు మలుపు. ఆ యేడు ఎల్.వి. ప్రసాదు గారి దర్శకత్వమున సంసారము చిత్రము వచ్చినది. రామారావు, నాగేశ్వరరావు గారలు నటించిన ఆ చిత్రమున ఆమెకు గయ్యాళి పాత్ర లభించినది. ఆ యేడే పెద్దిభొట్ల చలపతిరావు గారితో వివాహమైనది. ఆయన న్యాయశాస్త్రము చదివినవారు. ఇంటిలో కోడలుగా కాలుపెట్టిన యేడే తెరమీద అత్తగా కాలుపెట్టెనన్నమాట. అప్పటికామె వయస్సు 26 ఏండ్లు నిండలేదు, లేక అప్పుడే నిండినది.

ఇక్కడ కొంచెము లెక్క వేసితిని. పాఠకులు మన్నింతురు గాక. అక్కినేని నాగేశ్వరరావు గారు 1924 సెప్టెంబరు 20 న పుట్టిరి. సూర్యకాంతము గారు ఆయనకన్న 38 దినములు చిన్న. రామారావు గారు 1923 మే నెలలో పుట్టిరి. ఆయనకన్న ఏడాదిన్నర చిన్న. వీరిరువురికి ఆమె ఎన్నిమారులు అత్తగానో, పినతల్లిగానో నటించెనో! 1957 లో వచ్చిన మాయాబజారులో ఆమె హిడింబి, ఎస్.వి. రంగారావు గారు ఘటోత్కచుడు. రంగారావు గారు 1918 జూలైలో పుట్టినవారు. కుమారుడు తల్లికన్న ఆరేండ్లు పెద్ద. అయినను ఆ చిత్రము చూచునప్పుడు ఆ కొండంత కొడుకు ఆ తల్లి మాట వినుట మనకు వింతగా తోచదు. హిడింబి గయ్యాళి కాదు, కొడుకుపై ప్రాణము పెట్టుకొన్న తల్లి. ఆ పద్దును గూడ మనము లెక్కలో వేసికొనలేదు.

నాయిక కావలెనని వచ్చిన పడుచు, ముప్పది నిండకమునుపే నెత్తిన నెరపు పూసికొని ముసలమ్మగా నిలువవలసి వచ్చుటకు మనసెంత సరిపుచ్చుకొనవలెనో స్త్రీలకు బాగుగా తెలియును. ఆమె దానిని దుఃఖముగా నెక్కడను చెప్పుకొనినట్లు వినలేదు. వచ్చిన పనిని చేపట్టి, ఆ పనిలో తనకు సాటిలేదనిపించెను.

ఆమె నటన యెట్టిదో ఇప్పటి పిల్లలకు చెప్పుట కష్టము, చూడవలసినదే. ఆమె ఎడమచేతి వాటము మనిషి. కోపము వచ్చినప్పుడు ఎడమచేయి విసరి, మెడ త్రిప్పి, కన్నులు చక్రములవలె త్రిప్పి మాటలాడుటయే ఆమె ముద్ర యైనది. మన పెద్దలు ఎడమచేతిని అమర్యాదగా తలతురు గదా; ఎదుటివానిపై ఆ చేయి లేచినంతనే సగము తిట్టు పూర్తియైనట్లే. మాట వడి ఎక్కువ, అయినను ఒక్క అక్షరము జారదు. ఏడ్చుచు ఏడ్చుచు కనుకొలకులనుండి ఎదుటివాడు కరగినాడా లేదాయని చూచు ఆ చూపు ఇంకెవరికిని రాలేదు. ఇంకొక సంగతి నాకు తోచినది వ్రాసెదను. ఆమె క్రూరురాలిని నటింపలేదు. పెత్తనము చేయిజారిపోవునేమోయని భయపడు ఇల్లాలిని నటించెను. ఆ భయము మన యిండ్లలోని అత్తలందరికిని ఉన్నదే. అందువలననే మనము నవ్వితిమి. చివర ఆమె కోడలిచేతనో, అల్లునిచేతనో ఓడి తల వంచినప్పుడు కొంచెము జాలియు పడితిమి.

కోడరికము, తోడికోడళ్ళు, అత్తా ఒకింటి కోడలే, ఇల్లరికము అను ఆనాటి చిత్రముల పేర్లు చూచినను అప్పటి కాలము తెలియును. ఉమ్మడి కుటుంబములు విడిపోవుచున్నవి. చదువుకొన్న కోడళ్ళు వచ్చుచున్నారు. తాళపుచెవుల గుత్తి ఎవరి నడుమున నుండవలెనను తగవు ఇంటింటను ఉన్నది. ఇంటిలో అత్త నొక్క మాట అనజాలని కోడలు సినిమాహాలులో చీకటిలో కూర్చుండి సూర్యకాంతమును కడుపార తిట్టుకొనెడిది. ఇంటికి వచ్చి తోడికోడలి చెవిలో అత్తగారికి ఆ పేరు పెట్టెడిది. అత్తకు వినబడినను చెప్పుకొనుటకు ఏమియు లేదు. అది తిట్టు కాదు, ఒక స్త్రీ పేరు. మాట యిట్లే పుట్టినదని నా యూహ. ఛాయాదేవి గారును అట్టి వేషములే అనేకములు వేసిరి, కడుచక్కగా వేసిరి. ఆమె పేరు మాటగా మారలేదు. ఏ పేరు నిలుచునో లోకమే నిర్ణయించును.

1962 జూన్ నెలలో విజయావారి గుండమ్మ కథ వచ్చినది. కన్నడమున 1958 లో వచ్చిన మనె తుంబిద హెణ్ణు అను చిత్రము దానికి ఆధారము. కమలాకర కామేశ్వరరావు గారు దర్శకులు. రామారావు, నాగేశ్వరరావు, రంగారావు గారలు, సావిత్రి, జమునలు ఒకే చిత్రమున నటింపగా, ఆ చిత్రమునకు పెట్టిన పేరు మాత్రము గయ్యాళి పాత్ర పేరు! నాయకుల పేరు గాని, నాయికల పేరు గాని పెట్టక అట్లు పెట్టిన నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి గారల ధైర్యము, ఆమెయందు వారికి గల నమ్మకము చూడుడు. గుండమ్మ భర్తలేని ఇల్లాలు, ఆస్తి గలది. సవతికూతురు లక్ష్మిని పనిమనిషిగా వాడుకొని, కన్నకూతురు సరోజను గారాబము చేయును. కూతురుగా నటించిన జమున గారు 1936 లో పుట్టినవారు. తల్లికిని కూతురికిని పండ్రెండేండ్ల తేడా లేదు. ఆ చిత్రమును శ్రద్ధగా చూచినచో ఆమె అందులో ఎక్కువ కేకలు వేయలేదని తెలియును. పిసినారితనము, పట్టుదల, లోపల ఒంటరితనము, ఇవియే ఎక్కువ. కడపట తనకన్న పెద్ద గయ్యాళి చేత చిక్కి గుండమ్మ అవస్థపడుచుండగా ఆదుకొనునది తాను బాధించిన సవతికూతురే. ఆ ఘట్టమున ఆమె ముఖము చూచి మా యింటిలో కన్నీరు పెట్టుకొన్నవారు కలరు. తరువాత గుండమ్మ యను పేరును మాటయై కూర్చున్నది. నటి పేరును, పాత్ర పేరును రెండును ఒకే గుణమునకు నామములగుట మరి యెందును చూడను.

తెర వెనుక సూర్యకాంతము గారిని గూర్చి కలిసి నటించినవారు చెప్పిన సంగతులు ఒకదాని కొకటి పోలియుండును. ఆమె యింటినుండి పెద్ద కారియర్లలో పులుసులు, పచ్చళ్ళు, పిండివంటలు తెచ్చి అందరికిని వడ్డించెడిది. పెద్ద నటుడని, దీపములు మోయు కూలి యని భేదము లేదు. ఒకమారు చిత్తూరు నాగయ్య గారిని తిట్టవలసిన ఘట్టము వచ్చినదట. ఆయన వేమనగా, త్యాగయ్యగా నటించి జనులచే చేతులెత్తి మ్రొక్కించుకొన్న పెద్దమనిషి. ఆమె వ్రాసియిచ్చిన మాటలన్నియు తడబడక పలికి, కెమెరా ఆగిన వెంటనే ఆయన పాదములపై బడి క్షమింపుమని వేడుకొనెనట. ఆయన ఓదార్చవలసి వచ్చినదట. ఆమెకు కడుపున బిడ్డలు కలుగలేదు. తోబుట్టువు కుమారుని తెచ్చి పెంచుకొనెను. తెరమీద సవతిబిడ్డలను పెట్టరాని బాధలు పెట్టినామె యింటిలో పరాయి కడుపున పుట్టిన బిడ్డకు తల్లియై యుండెను.

బయట మాత్రము ఆమె ఎక్కడికి పోయినను స్త్రీలు దగ్గరకు వచ్చుటకు జంకెడివారు. తిట్టునేమోయని కొందరు, తమ కాపురమునకు దృష్టి తగులునేమోయని కొందరు. ఆ పేరు ఆడపిల్లలకు పెట్టుట జనులు మానుకొనిరి. అంత చక్కని పేరును తెలుగువారికి లేకుండ చేసెనని తోటినటులు ఆమెయెదుటనే హాస్యమాడెడివారట. ఆమె నవ్వెడిదట. నేను తిరుగవేసిన ఓటర్ల జాబితాలలో, ముసలివారియందు తప్ప, ఆ పేరు నా కంటబడలేదు.

ఇక్కడ నా సంగతి యొకటి చెప్పక తప్పదు. బొగ్గుగనులలో పనికొరకు దూరదూరపు జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు మన గోలేటిలో ఎన్నో కలవు. అట్లు గోదావరి వైపునుండి వచ్చిన ఒక కార్మికుని భార్యకు ఆ పేరే యుండెను. చిత్రములు రాకమునుపు పుట్టినది, అమ్మమ్మ పేరు పెట్టుకొన్నారట. మెల్లని మనిషి, గట్టిగా మాటలాడగా ఎవరును వినలేదు. నేను లెక్కలలో క్రొత్తగా చేరిన దినములలో ఆమె నా యొద్దకు వచ్చి, రేషను కార్డు కాగితములలో తన పేరు మొదటి సగము తీసివేసి కాంతమ్మ యని వ్రాయుమని కోరినది. కారణమడిగితిని. ఆమె చెప్పలేదు, తలవంచుకొనినది. అక్కడ కూర్చున్న నలుగురును నవ్విరి. నేనును నవ్వితిని. నవ్వుచునే కొట్టివేసి వ్రాసితిని. బడిలో ఆమె పిల్లలను తోటివారు ఏమని యేడిపించెడివారో, పంపుకడ ఆమెను ఏమని పిలిచెడివారో నాకు తరువాత ఇంటిలో చెప్పగా తెలిసినది.

ఆ కాలముననే దూరదర్శనములో వారమునకొక తెలుగు చిత్రము చూపెడివారు. మా వాడలో టీవీ యున్న యిండ్లు రెండో మూడో. జనమందరును ఆ యిండ్ల వాకిట చేరెడివారు. గుండమ్మ కథ వేసిన సాయంకాలము ఆ యిల్లాలును వచ్చి స్తంభము చాటున కూర్చుండెను. అందరికన్న ఎక్కువగా నవ్వినది ఆమెయే.

సూర్యకాంతము గారు వృద్ధాప్యమునను నటించుచునే యుండిరి. కాలము మారినది. ఉమ్మడి కుటుంబములతో పాటు ఆ అత్త పాత్రలును తగ్గినవి. చలపతిరావు గారు ఆమెకు ముందే గతించిరి. 1994 డిసెంబరు నెలలో ఆమె మద్రాసులో మరణించిరి. అప్పటికామెకు 70 ఏండ్లు. పత్రికలలో వార్త చదివి, ఎందరో ఆ యింటి భోజనమును తలచుకొనిరి. 2024 అక్టోబరు నాటికి ఆమె పుట్టి నూరేండ్లు నిండినవి. ఆ సందర్భమున ఆమె చిత్రములు మరల చూచితిని. ఇప్పుడవి చేతిఫోనులో చూడవచ్చును, ఖర్చు లేదు. మన గ్రంథాలయ సభ్యులు చూడదలచినచో మాయాబజారును, గుండమ్మ కథను మొదట చూడుడని నా మనవి. ఒకదాని వెంట నొకటి చూచిన ఆ నటి ఎంత దూరము నడువగలదో తెలియును.

ఆ కార్మికుని యిల్లాలు కొన్నియేండ్ల క్రిందట గతించినది. మరణధ్రువపత్రమునకు దరఖాస్తు వ్రాయించుకొనుటకు ఆమె కుమారుడు నాయొద్దకు వచ్చెను. కార్డు చూపి, అందున్నట్లు కాంతమ్మ యని వ్రాయుమనెను. ఆమె పూర్తిపేరు నీకు తెలియునా యని అడిగితిని. తెలియుననెను, కాని కాగితములు కలియకున్న చిక్కు వచ్చునేమోయని సంకోచించెను. అతడు సంకోచించుట న్యాయమే. కాగితముల చిక్కు నాకన్న ఎవరికి తెలియును? కార్డులోని పేరు వ్రాసి, దాని ప్రక్కన అనగా అని పెట్టి, నేను కొట్టివేసిన పేరును పూర్తిగా వ్రాసితిని. అతడు రెండుమారులు చదువుకొని, మడిచి, జేబులో పెట్టుకొని పోయెను.